ఇటలీ బండికి గంజిబట్ట

మా బావ ఎన్నడూ ఇటలీ పోలేదు. ఇటలీయే మా బావను వెతుక్కుంటూ జగిత్యాల వచ్చింది, అదీ సెకండ్ హ్యాండులో.

హైదరాబాదులో ప్లాట్ల వ్యాపారం చేసి కొన్నాళ్లు వెలిగి, ఆ తర్వాత ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా వదిలించుకుంటున్న పెద్దమనిషి ఒకాయన అమ్మిన కారది. నల్లటి నలుపు, లోపల ఎర్రతోలు సీట్లు. నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది కాబట్టి కారు ఎక్కడం అనే మాట దానికి కుదరదు. అందులోకి దిగాలి. బయటికి రావాలంటే ఎక్కాలి. మా అక్క మొదటిసారి అందులో కూర్చుని, "పీటేసుకొని కూసున్నట్టున్నది తమ్మీ" అంది. బావకు ఆ మాట నచ్చలేదు.

జగిత్యాలలోనే బావలాగే బియ్యం మిల్లు నడిపే ఇంకో ఆసామి జర్మనీ కారు కొన్న నెలకు బావకు ఈ కారు అవసరం తెలిసొచ్చింది. "జర్మనీ బండ్లు గల్లికొకటున్నయి రా బామ్మర్దీ. ఇటలీది జిల్లా మొత్తంల నాదొక్కటే" అన్నాడు. జిల్లా మొత్తంలో ఒక్కటే ఎందుకుందో ఆయన ఆలోచించలేదు. నేనూ చెప్పలేదు. చెబితే వినే మనిషే అయితే మా అక్క ఏళ్ల తరబడి చెబుతున్నది ముందు వినేవాడు.

అక్క చెబుతున్నది చిన్నమాటే. మిల్లు ఆవరణలో ఉన్న ఇంట్లోంచి బయటపడి, జగిత్యాలలో ఎక్కడైనా రెండు గదులు కిరాయికి తీసుకుందామని. ధర్మపురి రోడ్డు మీద ఊరు దాటాక ఉంటుంది ఆ మిల్లు. వెనక ఊకగుట్ట, పక్కన బాయిలరు, ఎదురుగా వడ్ల లారీలు, వీటన్నిటి మధ్యన ఇల్లు. పొద్దున ఆరేసిన చీర సాయంత్రానికి తవుడు రంగు తేలుతుంది. గోదారి గాలికి వెల్గటూరులో పెరిగిన మనిషి, పెళ్లయి ఆ దుమ్ములోకి వచ్చింది. మొదట దగ్గు, తర్వాత ఆయాసం, ఆ తర్వాత పడుకుంటే పిల్లికూతలు. కరీంనగర్ డాక్టరు పరీక్షలన్నీ చేసి, "నేనిచ్చే మందులకంటే ముందు ఆ దుమ్ములోంచి బయటికి రామ్మా" అన్నాడు. బావ పక్కనే కూర్చుని విన్నాడు. బయటికొచ్చాక, "డాక్టర్లు గట్లనే అంటరు. మిల్లు మనకు అచ్చొచ్చిన జాగ. అచ్చొచ్చిన జాగ ఇడిసిపెడితే లచ్చిమి ఉంటదా?" అన్నాడు. అక్కడితో ఆ కేసు కొట్టేశారు.

అప్పటి నుంచి అక్క ఆయనతో ఆ విషయం నేరుగా ఎత్తడం మానేసింది. నన్ను మధ్యలో పెట్టుకుని మాట్లాడేది. "తమ్మీ, మీ బావకు చెప్పు" అనేది, బావ అక్కడే కూర్చుని ఉండగా. బావ కూడా, "మీ అక్కకు చెప్పురా, వచ్చే పంటకు చూద్దాం" అనేవాడు. పంటలు వచ్చాయి, పోయాయి. ఇద్దరి మధ్య నేను మాత్రం పోస్టాఫీసులా మిగిలాను.

నాకు కోరుట్లలో బస్టాండుకు దగ్గరలో స్పేర్ పార్టుల దుకాణం. బ్రేకు ప్యాడ్లు, బెల్టులు, ఆయిలు డబ్బాలు, ఫిల్టర్లు. ఫిల్టర్లు ఉంటాయి కానీ పెద్దగా అమ్ముడుపోవు. మా దగ్గర ఎయిర్ ఫిల్టరంటే మార్చే వస్తువు కాదు, దులిపే వస్తువు. ట్రాక్టరు గానీ, ఆటో గానీ, పెళ్లిలో పెట్టిన కారు గానీ, ఎవడైనా బండి గుంజడం లేదని వస్తే మెకానిక్కు ముందు ఫిల్టరు తీసి నేలకేసి రెండు కొడతాడు. తర్వాత కంప్రెసర్ పైపు పెట్టి గాలి కొడతాడు. దుమ్ము లేచి పక్క హోటల్లో ఇడ్లీల మీద పడుతుంది. యజమాని తృప్తిగా చూసి, "ఇంకో రెండేండ్లు నడుస్తది" అంటాడు. నేను దుకాణంలో కూర్చుని కొత్త ఫిల్టరు డబ్బాల మీది దుమ్ము దులుపుకుంటాను. ఇది మా వృత్తి ధర్మం.

ఒకరోజు పొద్దున్నే బావ ఫోను. "ఎక్కడున్నవు రా? జల్ది రా. మెకానిక్కును తోలుకరా" అన్నాడు. అక్కకు రాత్రంతా ఊపిరాడక తెల్లారినప్పుడు కూడా ఆయన గొంతులో ఇంత కంగారు వినలేదు నేను. "ఏమైంది బావా?" అంటే, "బండి గుంజుతలేదు రా. లోపల పచ్చ బుగ్గ ఎలుగుతున్నది" అన్నాడు. మీటర్ల దగ్గర వెలిగే హెచ్చరిక దీపం సంగతది. ఏడుపొక్కటే తక్కువ.

మా దుకాణం పక్క షెడ్డులో మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్లాను. చేయి తిరిగినవాడే, కాకపోతే ఆ చేయి తిరిగింది ట్రాక్టర్ల మీద. బానెట్ ఎత్తి ఇటలీ ఇంజను చూడగానే వెనక్కి ఒక అడుగు వేసి దండం పెట్టాడు. తర్వాత కుడివైపు నల్లడబ్బా ఒకటి గుర్తుపట్టి, "గిది ఫిల్టరు డబ్బా అన్నా, ఏ దేశమైనా డబ్బా డబ్బానే" అని ధైర్యం తెచ్చుకుని మరలు విప్పాడు. అవి మామూలు మరలు కావు, నక్షత్రం గుంత ఉన్నవి. వాటికి సరిపోయే సాధనం మా దగ్గర లేక సగం పొద్దు అక్కడే పోయింది.

మూత లేపాక అందరం లోపలికి తొంగి చూశాం. ఫిల్టరు కనపడలేదు. తవుడు కనపడింది. ఊకపొట్టు, బాయిలరు మసి, తవుడు కలిసి మడతల మధ్య అచ్చు పోసినట్టు గట్టిపడి ఉన్నాయి. బావ ఆ ఫిల్టరును రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం ఆ రోజు నా కళ్లతో నేను చూశాను.

"అయ్యో, గిట్లుంటే పాపం అదెట్ల గాలి పీలుస్తది రా? ఎన్నొద్దుల సంది తిప్పల పడ్తున్నదో. నోరు లేనిదాయె" అన్నాడు.

నోరున్న మనిషి అప్పుడే టీలు పట్టుకొచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఒక చేత్తో పళ్లెం పట్టుకుని, దగ్గు ఆపుకోలేక ఆగిపోయింది. బావ తల తిప్పి, "ఏందే, బండి మీదికొచ్చి దగ్గుతవు? పక్కకు జరుగు, తుంపర్లు పడ్తయి" అన్నాడు.

నా చేతిలో స్పానర్ ఉంది. దాంతో మరలు విప్పడమే కాక ఇంకా చాలా పనులు చేయవచ్చని ఆ క్షణంలో నాకు తోచింది. చేయలేదు. అక్క నా వైపు చూసి, వద్దన్నట్టు తలూపి టీ చేతికిచ్చింది. ఆ టీ ఎట్లా తాగానో నాకు గుర్తులేదు.

తర్వాత మన పద్ధతి ప్రకారం మెకానిక్కు ఫిల్టరును నేలకేసి కొట్టాడు. తర్వాత మిల్లు కంప్రెసర్ పైపు పెట్టి గాలి వదిలాడు. మిషన్ల సందుల్లో ఇరుక్కున్న బియ్యం గింజల్ని ఎగరగొట్టే గాలి అది. ఇటలీ కాగితం రెండు నిమిషాలు ఓర్చుకుని నిలువునా చిరిగింది. అప్పుడు మెకానిక్కు ఇంజను చుట్టూ తిరిగి, ఎడమవైపు అచ్చం అట్లాంటిదే ఇంకో డబ్బా కనుక్కున్నాడు. ఈ బండికి ఫిల్టర్లు రెండు! మేం చూసిన బండ్లన్నిటికీ ఒకటే. రెండోదాన్ని జాగ్రత్తగా దులుపుతానని మాటిచ్చాడు. నేలకేసి మాత్రం కొట్టలేదు, ఆ మాట నిలబెట్టుకున్నాడు. గాలి మాత్రం మళ్లీ అదే పైపుతో కొట్టాడు.

"నీది స్పేర్ పార్టుల దుకాణమే కద రా, గివి లేవా?" అని బావ నా మీద పడ్డాడు. నా దుకాణంలో ఇటలీ అనే అక్షరాలున్న వస్తువు ఒక్కటంటే ఒక్కటి లేదని చెప్పాను. హైదరాబాదులో అట్లాంటి కార్లు బాగుచేసే గ్యారేజీకి ఫోను చేస్తే, అక్కడి మనిషి చాలా మర్యాదగా, అవి ఓడ మీద రావాలని, నెలన్నర పైనే పడుతుందని అన్నాడు. బావ ముఖంలో నెత్తురు లేదు. పదిహేను రోజుల్లో కోరుట్ల ఫంక్షన్ హాల్లో జర్మనీ కారు ఆసామి కొడుకు రిసెప్షన్ ఉంది. దానికి బావ నా పాత కారులో దిగడమంటే చచ్చినంత పని.

రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. మూడో రోజు ఆయనకు జ్ఞానోదయమైంది.

"గా కాగితం చేసే పనేంది? గాలిని వడగట్టుడే గద. చాయ వడగట్టే బట్ట లెక్క. సిరిసిల్లల మనోడే ఉన్నడు. రాష్ట్రమంతటికి బట్ట నేసేటోళ్లకు జానెడు ఫిల్టరు బట్ట దొర్కదా?" అన్నాడు. నేను అడ్డం చెప్పడానికి నోరు తెరిచాను. మెకానిక్కు అప్పటికే తలూపుతున్నాడు.

సిరిసిల్లలో మా మేనమామ ఉంటాడు. పొట్ట చేత పట్టుకుని పోయి సాంచాల మీద పనికి కుదిరి, నడిపిస్తూ నడిపిస్తూ ఇప్పుడు నాలుగు సాంచాలకు యజమాని అయ్యాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఇంటి ముందరి గదిలోనే అవి నడుస్తుంటాయి, వెనక గదిలో సంసారం. నా పాత కారులో ముగ్గురం వెళ్లాం. మామను చూసి చాలా రోజులైందని అక్క కూడా వచ్చింది. ఆమె ఎందుకొచ్చిందో నాకు దారిలోనే అర్థమైంది. బావకు చెప్పగలిగే పెద్దమనిషి అంటూ ఎవరైనా ఉంటే, మా నాయిన పోయాక, మామ ఒక్కడే.

సాంచాల చప్పుడులో మాట వినపడాలంటే అరవాలి. బావ దూదిపింజల మధ్య నిలబడి, "మామా, బండికి బట్ట గావాలె" అని అరిచాడు. మామ మిగతాది సరిగా విన్నాడో లేదో తెలియదు. అల్లుడు గడపలోకి వచ్చి నోరు తెరిచి బట్ట అడిగాడు, ఆయనకు అది చాలు. సాంచాలు ఆపించాడు. అత్తమ్మ పీట వేసి, బావ నుదుట బొట్టు పెట్టింది. నేను విషయం వివరించి, "పాతది, ఉతికి ఉతికి మెత్తవడ్డ బట్ట ఏదన్న ఉంటే ఇయ్యి మామా, సాలు" అన్నాను. బట్టల సంగతి నాకేదో తెలిసి అన్నమాట కాదు. కారు ముక్కుకు కట్టే పేలికకు కొత్త తాను ఎందుకని మాత్రమే.

మామకు కోపం వచ్చింది. "ఏమన్నవు రా? అల్లునికి నీళ్లల్ల ముంచిన బట్ట పెడ్తనా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

నీళ్లు తగిలిన బట్ట అల్లుడి చేతిలో పెట్టకూడదు. అది రుమాలైనా, ధోతీ అయినా, కారు ఫిల్టరైనా సరే. మామ తన సాంచం మీదినుంచి అప్పుడే దిగిన తానులోంచి మూడు గజాలు కోశాడు. దారం తెగకుండా ఉండాలని నేతకు ముందే గంజి పట్టిస్తారు కదా, ఆ గంజితో పెళపెళలాడుతోంది అది. అత్తమ్మ దాని నాలుగు మూలలకూ పసుపు పెట్టింది. తమలపాకుల మీద పెట్టి ఇస్తే, బావ రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాడు. కొత్త బట్ట కట్టుకునే ముందు మూలకు పసుపు పెట్టుకుంటాం. ఇంజను కట్టుకునే బట్టకు కూడా పెట్టుకున్నాం. ఇటలీలో ఈ కారును గీసినవాళ్లు అక్కడ ఉండి చూసి ఉంటే వాళ్లకూ ఒక బొట్టు పెట్టి పంపేవాళ్లం.

ఈ సంబరమంతా అయ్యాక అక్క దగ్గడం మొదలుపెట్టింది. దూది నుసి పడదు ఆమెకు. అత్తమ్మ వీపు రాస్తూ, "ఏందే బిడ్డా, గింత దగ్గైతే ఎట్ల?" అంది. అక్క కాస్త తేరుకుని మామ ముఖంలోకి చూసింది. "మామా, మిల్లుల నాకు ఊపిరాడుతలేదు. డాక్టరు గూడ చెప్పిండు. జగిత్యాలల రెండర్రలు కిరాయికి తీస్కోమని నువ్వొక్కమాట చెప్పు" అంది.

సాంచాలు ఆగి ఉన్నాయి. అరవాల్సిన పని లేదు. గదిలో అందరికీ వినపడింది. మామ అల్లుడి వైపు చూశాడు, అల్లుడు ఒళ్లోని పసుపుబట్ట వైపు చూసుకున్నాడు. మామ గొంతు సవరించుకుని, "అల్లుడు పెద్దమనిషి బిడ్డా. ఆయినెకు తెల్వదా? చూసుకుంటడు తియ్యి" అన్నాడు. ఆ తర్వాత సాంచాలు మళ్లీ నడిచాయి.

తిరుగు దారిలో బావ ముందు సీట్లో బట్టను తడుముకుంటూ నిద్రపోయాడు. అక్క కిటికీలోంచి చూస్తూ, "బండికి బట్ట అడిగితే తానులకెల్లి కోసిచ్చిండు తమ్మీ. నా ముచ్చట అడిగితే అల్లుడు పెద్దమనిషి అన్నడు" అంది. నేను హారన్ కొట్టాను, ఎదురుగా ఏ బండీ లేకపోయినా.

కోరుట్లలో జాకెట్లు కుట్టే టైలరు దగ్గర ఫిల్టరు కుట్టించాం. ఎవరికని అడిగాడు. కారుకని చెప్పాను. సర్లే ఎంతోమంది వస్తుంటారన్నట్టు చూసి చిరిగిన ఫిల్టరును కొలత జాకెట్టులా బల్ల మీద పరుచుకున్నాడు. కుచ్చిళ్లు పెట్టి, అంచుకు గోటు వేసి, రెండు ఫిల్టర్లు శుభ్రంగా కుట్టిచ్చాడు. వాటికి హుక్కులు ఒక్కటే తక్కువ. మెకానిక్కు పాత చట్రాలకు బంక పెట్టి అతికించి డబ్బాల్లో కూర్చాడు. బండి స్టార్టయింది. కాసేపటికి పచ్చ బుగ్గ కూడా ఆరిపోయింది, ఎందుకో దానికే తెలియాలి.

ఆ వారం రోజులు మా బావను భరించడం ఎవరి వల్లా కాలేదు. "ఇటలీ ఏంది, సిరిసిల్ల ఏంది? బుర్ర ఉండాలె" అని మిల్లుకు వచ్చిన ప్రతి రైతుకూ బానెట్ ఎత్తి చూపించాడు. వడ్ల తేమ చూడమని వచ్చిన రైతులు ఇంజను చూసి పోయారు. ఇటలీ వాళ్లకు ఉత్తరం రాద్దామని కూడా అన్నాడు. రాయడమైతే నేనే రాయాలట.

రిసెప్షన్ రోజు సాయంత్రం వాన. కుండపోత కాదు, శ్రావణంలో పడే సన్నటి ముసురు. బావ తెల్ల చొక్కా, అక్క పట్టుచీర. వెనక సీట్లో నేను, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని. జగిత్యాల దాటి కోరుట్ల రోడ్డెక్కేదాకా బండి బాగానే పోయింది. తర్వాత లారీ ఒకటి గుంతలోని నీళ్లన్నీ మా ముఖాన కొట్టింది. కొద్దిదూరం పోయాక బండి మూలిగింది. ఏదో వాసన కూడా రావడం మొదలైంది. మొదట అక్కకే తెలిసింది.

"అన్నం గంజి వాసనొస్తున్నది" అంది.

"గంజి ఎందుకొస్తదే బండ్ల?" అన్నాడు బావ. బండి ఇంకా కొంచెం ముక్కుతూ మూలుగుతూ వెళ్లి, సరిగ్గా ఫంక్షన్ హాలు గేటు ముందు, రంగుదీపాల తోరణం కింద ఆగిపోయింది. ఇంకో ఫర్లాంగు ముందు ఆగి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. వెనక వరసగా కార్లు. హారన్లు. బ్యాండువాళ్లు మా కోసమే అనుకుని ఉత్సాహంగా వాయించారు. ఎంతకీ ఎవరూ దిగకపోయేసరికి వాయించడం ఆపి, డప్పులు పక్కన పెట్టి బండిని తోశారు. బావ లోపల కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. మాతో పాటు జర్మనీ కారు ఆసామి కూడా ఒక చేయి వేశాడు, నవ్వకుండా. ఆ నవ్వకపోవడమే బావను చంపింది.

గోడ పక్కన బానెట్ ఎత్తి చూస్తే అంతా అర్థమైంది. వాన నీళ్లకు బట్టలోని గంజి కరిగి, వారం రోజుల తవుడు దానికి తోడై, ఇంజను వేడికి ఉడికి, రెండు డబ్బాల్లోనూ అంబలి తయారైంది. అల్లుడి మర్యాద కోసం నీళ్లు తగలని బట్ట ఇచ్చాడు మా మామ. ఆ లోటు వాన తీర్చింది. నాకు నవ్వాగలేదు. ఎన్నాళ్ల కోపమో, అంతా నవ్వయి బయటికి వచ్చింది.

అక్క గొడుగు కూడా లేకుండా వానలో నిలబడి ఉంది. "లోపలికి పోదాం పా అక్కా, తడుస్తున్నవు" అన్నాను. "ఉండనియ్యి తమ్మీ. వానల దుమ్ముండది. మంచిగున్నది" అంది. పట్టుచీర తడుస్తుంటే గుండెల నిండా గాలి పీల్చుకుంటూ అట్లాగే ఉంది. నా నవ్వు అక్కడ ఆగిపోయింది.

ఇటలీ ఫిల్టర్లు వినాయక చవితి దాటాక వచ్చాయి. వాటితోపాటు హైదరాబాదు గ్యారేజీ నుంచి ఒక మనిషి కూడా వచ్చాడు. మనల్ని నమ్మలేదన్నమాట. ఇస్త్రీ చేసిన యూనిఫాం, చేతులకు తొడుగులు, నక్షత్రం మరల సాధనం. మా అంబలి డబ్బాల్ని చూసి మూడుసార్లు ఫోటో తీసుకున్నాడు. డబ్బాలు కడిగి ఆరబెట్టి, కొత్త ఫిల్టర్లు బాణం గుర్తు చూసుకుని కూర్చి, మరలు బిగించాడు. పని గంట లోపే అయిపోయింది. అంత చిన్న పనికి మేం రెండు జిల్లాలు తిరిగాం.

చేతులు తుడుచుకుంటూ ఆ మనిషి మిల్లు వైపు, ఊకగుట్ట వైపు చూశాడు. "సార్, ఫిల్టర్లు ఎన్ని మార్చినా లాభం లేదు. ఈ దుమ్ములో ఉంచితే రెండు నెలల్లో మళ్లీ ఇదే పరిస్థితి. ముందు బండిని ఇక్కడి నుంచి మార్చండి" అన్నాడు.

కరీంనగర్ డాక్టరు అన్నమాటే ఇది. డాక్టరు బండి అనలేదు, అంతే తేడా. నేను అక్క వైపు చూశాను. అక్క ఖాళీ టీ గ్లాసులు ఏరుతోంది.

బావ ఆ రాత్రికే ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. వారం తిరక్కుండా జగిత్యాలలో, మెయిన్ రోడ్డుకు లోపలగా, చెట్లున్న గల్లీలో ఇల్లు దొరికింది. ముందర టైల్సు వేసిన పోర్టికో, దానికి షట్టరు. వెనక రెండు గదులు, వంటిల్లు, కొళాయి. పోర్టికో తూర్పు ముఖం ఉందో లేదో పంతులును పిలిపించి చూపించాడు. అచ్చొచ్చిన జాగ, లచ్చిమి ఏమైపోయాయని అడిగాను. "బండి ఒక్కటే కద రా పోయేది, మనం ఈడనే ఉంటం" అన్నాడు. గదుల సంగతి అడిగితే, "తాళం ఏస్త. ఎన్కకెవ్వడు రాకుండ ఉంటడు" అన్నాడు. భాద్రపదం శూన్యమాసం, కొత్త ఇంట్లోకి దిగకూడదు కదా అంటే, బండికి శూన్యమాసం పట్టదని పంతులు చెప్పాడట. చెప్పాడో, చెప్పించాడో.

బండిని మార్చే రోజు పొద్దున అక్క నాకు కబురు చేసింది. వెళ్లేసరికి స్నానం చేసి, చీర కట్టుకుని, ఒక సంచీ పక్కన పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది.

"తమ్మీ, మీ బావకు చెప్పు. కొత్త ఇంట్ల పాలు పొంగియ్యకుండ, దీపం పెట్టకుండ బండి పెడ్తరా? రేపు దానికి అచ్చిరాకపోతే?" అంది.

బావ తాళాలు తిప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు. ఆయన కాదనలేని మాట లోకంలో ఒక్కటే ఉంది, అక్క ఇన్నేళ్లకు దాన్ని పట్టుకుంది. "అవు రా, నాకు యాదికే లేదు. రమ్మను. జల్ది పొంగిచ్చి వద్దాం" అన్నాడు.

అక్క ఇటలీ బండిలో పీటేసుకుని కూర్చున్నట్టే కూర్చుంది. సంచీ ఒళ్లో పెట్టుకుంది. వెనకాల నా కారులో నేను. కొత్తింట్లో మూడు ఇటుకలు పెట్టి పాలు పొంగించింది. దీపం పెట్టింది. పాలల్లో బియ్యం, బెల్లం వేసి మా చేతుల్లో పెట్టింది. తర్వాత సంచీలోంచి చాప తీసి వెనక గదిలో పరుచుకుంది. "పోదాం పా" అని బావ పిలిచాడు. "దీపమున్న ఇల్లు ఒక్కదాన్నే ఇడిసిపెట్టి వస్తరా, తమ్మీ? బండికి తోడుంట అని చెప్పు" అంది. బావ మా ఇద్దరివంకా మార్చి మార్చి చూసి, నా కారులో మిల్లుకు వెళ్లిపోయాడు.

పాలు పొంగించడానికి పోయిన మా అక్క మళ్లీ మిల్లు ఇంటికి రాలేదు. నాలుగు రోజులు బావ పంతం పట్టాడు. హోటలు కూర పడక, అయిదో రోజు రాత్రి తిండికి వచ్చాడు. ఆ తర్వాత పడకకూ వచ్చాడు. ఇప్పుడు పొద్దున మిల్లుకు పోయి రాత్రికి ఇంటికొస్తాడు. ఆయన అక్కడ పడుకోనంత మాత్రాన ఒక్క బియ్యం బస్తా కూడా కదలలేదు, లక్ష్మి కూడా ఎటూ పోలేదు. ఎవరైనా అడిగితే, "మా ఆమెకు దుమ్ము పడ్తలేదు, గందుకే ఇల్లు మార్చిన. పైసలు కాదు, మనిషి ముఖ్యం" అంటున్నాడు. నా ముందే అంటున్నాడు. నేను ఔనని తలూపుతున్నాను.

ఆ ఏడు బతుకమ్మ రోజుల్లో అక్క ఆ గల్లీ ఆడవాళ్లతో ఆడింది. ఆడటమే కాదు, తానే పాట ఎత్తుకుంది. మధ్యలో ఆగి దగ్గలేదు. గల్లీ చివర నిలబడి చివరిదాకా విన్నాను. ఆమె గొంతు అట్లా ఉంటుందని నేను మరిచిపోయాను.

దసరా రోజు బండ్లకు పూజ. పోర్టికోలో కారును కడిగి తుడిచారు. అక్క పళ్లెంలో పసుపు, కుంకుమ, బంతిపూలు తెచ్చింది. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టింది. చేతి నిండా పసుపు తీసుకుని ఆ నల్లటి బానెట్ మీద, సరిగ్గా ఫిల్టర్లుండే చోట, పెళ్లికూతురికి పెట్టినట్టు మెల్లగా రాసింది. ఇన్నాళ్లూ ఆ బండిని ముట్టుకోవడానికి కూడా ఇష్టపడని మనిషి.

"గింత గనం ఎందుకే అక్కా దీనికి?" అన్నాను ఎగతాళిగా.

అక్క చేయి ఆపలేదు. "నేను నోరు తెరిచి అడిగితే ఇయ్యనిది, గిది అడగకుండనే ఇప్పిచ్చింది తమ్మీ" అంది.

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక ఎత్తిపొడుపు సిద్ధంగా ఉంటుంది. ఆ పూట దాన్ని పక్కన పెట్టి పళ్లెంలోని కుంకుమ అందించాను. ఆమె పసుపు మీద రూపాయంత బొట్టు పెట్టింది.

లోపలి నుంచి బావ కేక వినపడింది. "పెయింటు మీద పెట్టకు! మరక పడ్తది! అద్దానికి పెట్టు!"

అక్క ఆ బొట్టు పక్కనే ఇంకోటి పెట్టింది.